పేరు అక్కర్లేని తాడు

షంషుద్దీన్ ఎడమచేత్తో పుల్లీని వెనక్కి తిప్పుతూ, కుడిచేత్తో షాఫ్టుకు చుట్టుకుపోయిన పచ్చచీర కొంగును కొద్దికొద్దిగా విప్పుతున్నాడు. కత్తితో కోస్తే చిటికెలో అయిపోయే పని. కొయ్యడం అతనికి ఇష్టం లేదు. కొంగు ఏ వైపు నుంచి లోపలికి పోయిందో, ఎన్ని చుట్లు తిరిగిందో, నెత్తురు ఏ చుట్టులో మొదలైందో చూడాలి. పైచుట్లకు నెత్తురు అంటింది. లోపలి చుట్లు శుభ్రంగా ఉన్నాయి గానీ రాపిడికి మాడి, అంచులు నల్లబడ్డాయి. ఆ మాడిన గుడ్డను వేలితో నలిపి వాసన చూశాడు.

ప్రొద్దుటూరులో ఓబుళరెడ్డి పత్తిమిల్లు అది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండో ఏడు, పత్తి బళ్ళు గేటు బయట వరసకట్టే ఫాల్గుణమాసం. లోపల పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్ను యంత్రాలు ఇరవై, రెండు వరసలు. నలభైమంది ఆడవాళ్ళు రెండు షిఫ్టుల్లో ఆ జిన్నులకు గింజపత్తి పెడతారు. దూది ఒక పక్క, గింజ ఒక పక్క పడుతుంది. అన్నిటినీ తిప్పేది గోడ అవతల ఇంజన్ రూములో ఉన్న ఒకే ఒక్క ఆయిల్ ఇంజను. ఆ ఉదయం తొమ్మిదో నంబరు జిన్ను దగ్గర రమణమ్మ కొంగు వెనక షాఫ్టుకు చిక్కింది. విడిపించుకోబోతే కుడిచెయ్యి బెల్టు కిందికి పోయింది. మూడు వేళ్ళు పోయాయి. మిల్లు లారీలోనే ఆమెను జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయారు.

"ఎంతసేపు సాహెబూ?" అన్నాడు ఓబుళరెడ్డి వెనక నిలబడి.

"కొంగు చిక్కినాక శానాసేపు పట్టి లాగినట్టుంది అప్పా. గుడ్డ లోపల షాఫ్టు తిరిగీ తిరిగీ మాడింది. చెయ్యి పోయింది ఆ తర్వాతే."

"అంటే ఆపేదానికి టైముండె."

"ఉండె."

ఓబుళరెడ్డి పదో నంబరు జిన్ను వైపు చూశాడు. అక్కడ పనిచేసేది భారతమ్మ. రమణమ్మకు మూడు అడుగుల దూరం. మిల్లులో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటే: ఏదన్నా జరిగితే ఇంజన్ డ్రైవర్ ఆదినారాయణ పేరు పెట్టి గట్టిగా కేకెయ్యాలి. ఆయన పిడి లాగి బెల్టును తప్పిస్తాడు, మిల్లు ఆగుతుంది. భారతమ్మ ఆ పేరు పిలవలేదు. చివరికి అవతలి వరస నుంచి గుల్జార్‌బీ పరుగెత్తుకొచ్చి కేకేస్తే ఆగింది.

"పోయిన నెల కిటికీ పక్క జిన్ను నాకంటే నాకని ఇద్దురూ జుట్లు పట్టుకున్యారు," అన్నాడు ఓబుళరెడ్డి. "ఆ కక్ష పెట్టుకోని గుడ్లప్పగించి చూసింది. శనివారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు కాయితం పోవల్ల. కారణం అదే రాస్తా. ఆమె ఇంక ఈ గేటు తొక్కకూడదు."

అట్లా రాసిన కాగితం పోతే ప్రొద్దుటూరులో ఏ మిల్లూ భారతమ్మను పనిలోకి రానివ్వదు. పక్కమనిషి చెయ్యి పోతుంటే చూస్తూ నిలబడ్డ మనిషి అన్న మాట ఆమె బతికినన్నాళ్ళూ బతుకుతుంది. షంషుద్దీన్ కొంగును మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

అతను పుట్టింది వల్లూరు దగ్గర. బడి మూడో తరగతితో సరి. పదహారో ఏట పులివెందుల కొండల్లో ఆస్బెస్టాస్ రాతినార గనికి పోయి, బరువులు పైకి లాగే యంత్రం దగ్గర నూనె పోసేవాడిగా చేరి, పాడైనదాన్ని విప్పి చూసి, విప్పినదాన్ని బిగించి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నలభై దాటిన ఫిట్టరు. ప్రొద్దుటూరులో ఎవరి మిల్లులో ఏ బోల్టు వదులో అతనికి తెలుసు. మాటలు తక్కువ. యంత్రం చెడితే దానికొక కారణం ఉంటుందనీ, అది కళ్ళతో చూసేదాకా నోరు విప్పకూడదనీ అతని పట్టుదల. మనిషి చెడినా అంతేనని అనుకునేవాడు.

మరుసటి రోజు పొద్దున్నే తొమ్మిదో నంబరు నుంచి మొదలుపెట్టి అన్ని బెల్టులకూ ఇనుప జాలీలు బిగించాడు. కొంగు మళ్ళీ అటు పోదు. కానీ జిన్ను ముందువైపు, పత్తి పెట్టే చోట, చేతులు రోజంతా రోలర్ల దగ్గరే ఆడుతుంటాయి. అక్కడ జాలీ పెడితే పత్తి పెట్టడం కుదరదు. అక్కడ కావలసింది వెంటనే ఆగడం. ఆగడం ఎందుకు ఆలస్యమైందో తేలాలి.

మధ్యాహ్నం బస్సెక్కి జమ్మలమడుగు పోయాడు. రమణమ్మ చేతికి మోచేతి దాకా కట్టు. ముఖం పాలిపోయినా మాటలో పస తగ్గలేదు.

"జిన్ను కాలు ఎడమచేత్తో కరుచుకున్యాన్నా. పట్టినంతసేపు పట్టినా. ఊపిరి ఆడక చెయ్యి పెట్టినా."

"భారతమ్మ చూస్తా ఉండిందా?"

"చూస్తా ఉండేదేంది? అరిసింది. 'ఓయ్, ఓయ్, ఇంజనాయనా' అని గొంతు చించుకునింది. నా నడుము పట్టుకోని ఎనక్కి లాగింది కూడా. ఆమె లాగకపోతే నేను ఈడ లేను."

"మరి పేరు పిలవల్యా ఎందుకు?"

రమణమ్మ అతని ముఖం వైపు ఒకసారి చూసి, దుప్పటి సవరించుకుంది. "అది నన్నడగద్దన్నా. మీ ఇంటామెనడుగు."

ఇంటికొచ్చేసరికి మైమూన్ జొన్నరొట్టెలు చేస్తోంది. జరిగినదంతా చెప్పాడు. ఆమె రొట్టె తిరగేస్తూ వింది.

"భారతమ్మ మొగుని పేరేంది?" అంది.

"నాకేం తెలుసు? దువ్వూరు కాడ సేద్యానికి పోతాడు."

"ఆదినారాయణ."

షంషుద్దీన్ రొట్టె తుంచడం ఆపాడు.

"పెండ్లయి ఇరవై రెండేండ్లు," అంది మైమూన్. "ఒక్కసారన్నా నిన్ను పేరు పెట్టి పిల్సినానా? జమీర్ అబ్బా అనే కదా పిల్చేది. బావిలో పడినా అట్లే అరుస్తా. కావాలని కాదు. నోరు ఆ దారిన పోదు, అంతే."

"పేనం పోతాంటే కూడానా?"

"పేనం పోయేటప్పుడు కూర్చోని ఆలోచిస్తారా? అలవాటైందే వస్తాది."

అతను పళ్ళెం పక్కకు జరిపాడు. ఏడేళ్ళ కింద, కొత్త ఇంజను బిగించినప్పుడు, ఆ పద్ధతి పెట్టింది ఓబుళరెడ్డి కాదు, ఆదినారాయణ కాదు, తనే. ఆడవాళ్ళందరినీ పిలిచి చెప్పాడు: ఈ మోతలో ఏ మాటా వినపడదు, మనిషికి తన పేరొక్కటే వినపడుతుంది, కాబట్టి పేరే పిలవండి అని. ఆ రోజు ఆ తెలివికి లోపల్లోపల పొంగిపోయాడు కూడా. నలభైమంది తలలూపారు. ఊపినవాళ్ళలో ఎవరి మొగుడి పేరు ఏమిటో అతను అడగలేదు, వాళ్ళు చెప్పుకోలేదు.

"గుల్జార్‌బీని పిల్చుకోని పో," అన్నాడు లేస్తూ. "మిల్లులో ఎంతమంది ఇండ్లల్లో ఆ పేరుందో కనుక్కోని రా. నేనడిగితే చెప్పరు."

మరుసటి రోజంతా తిరిగి మైమూన్ లెక్క తెచ్చింది. పదమూడు మంది. కొందరికి మొగుడి పేరు, కొందరికి మామ పేరు, ఒకామెకు బావగారి పేరు. లక్ష్మీనారాయణ అయినా, సూర్యనారాయణ అయినా వాళ్ళ నోటికి ఆ సగం పేరు కూడా రాదు. ఒక ముసలామె అయితే దేవుణ్ణి కూడా "మా మామ పేరాయన" అనే మొక్కుకుంటుందట.

బుధవారం పొద్దున షంషుద్దీన్ ఓబుళరెడ్డిని తీసుకుపోయి ఇంజన్ రూములో ఆదినారాయణ పక్కన నిలబెట్టాడు. "ఈడ్నే ఉండప్పా. నేను ఆ పక్క తువ్వాలు ఊపుతా. ఊపినప్పుడల్లా ఒకామె మిల్లు ఆపమని కేకేస్తాది. నీ చెవులతో నువ్వే ఇను."

ఇరవై జిన్నులూ తిరుగుతున్నాయి. తువ్వాలు ఊగింది. గుల్జార్‌బీ కేక వేసింది. ఆదినారాయణ తల ఎత్తి పిడి లాగాడు. మిల్లు ఆగింది. మళ్ళీ నడిపారు. తువ్వాలు రెండోసారి ఊగింది. ఆదినారాయణ బీడీ వెలిగించుకున్నాడు. మూడోసారి, నాలుగోసారి ఊగింది. ఆయన ఇంజనుకు నూనె పోస్తున్నాడు.

"ఒరే, చెవుడా నీకు?" అన్నాడు ఓబుళరెడ్డి.

"నా పేరు ఎవురూ పిల్చల్యా కదప్పా."

బయటికొచ్చి చూస్తే ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నాలుగోసారి కేకేసిన ముసలామె "ఓ మా మామ పేరాయనా, నిలపరా నాయనా" అని అరిచిందట. నవ్వుతూనే ఒకామె కళ్ళు తుడుచుకుంది.

ఓబుళరెడ్డి మీసం దువ్వుకున్నాడు. "దీనికేముంది సాహెబూ. వీనికి ఇంకో పేరు పెడదాం. డ్రైవరూ అని పిలవమందాం."

"యాభై ఏండ్లొచ్చినాక నాకు పేరు పెడ్తారా?" అన్నాడు ఆదినారాయణ నొచ్చుకుని. "మా నాయన పెట్టిన పేరుకేమొచ్చింది?"

"నీ పేరుకేం రాల్యా మామా," అన్నాడు షంషుద్దీన్. "తప్పు నాది. ఇంత మిల్లును తీస్కపోయి నీ చెవు మీద ఆనిచ్చినా. నీకు జ్వరమొస్తే? కొత్తోడొస్తే? గొంతు చిక్కిన ఆడమనిషి కేకెట్ల ఏస్తాది? అప్పా, పిలుపుతో పని లేకుండా చేస్తా. నాకు శనివారం దాకా టైమియ్యి. అంతవరకు ఆ కాయితం పంపద్దు."

"ఏం చేస్తావు?"

"తాడు కడతా. యాడ లాగినా మిల్లు ఆగాల."

"లాగుతానే ఉంటారు. ముచ్చట్లు పెట్టుకునేదానికి లాగుతారు."

"ఆగితే మళ్ళీ తిప్పేదానికి రెండు నిమిషాలు. నీ తొమ్మిదో నంబరు మూడు దినాలుగా పత్తి పెట్టే మనిషి లేక ఉత్తినే తిరుగుతాంది."

ఓబుళరెడ్డి తొమ్మిదో నంబరు వైపు ఒకసారి చూసి ఆఫీసు గదిలోకి పోయాడు. సరేనన్నట్టే షంషుద్దీన్ అర్థం చేసుకున్నాడు.

ఇంజను నుంచి వచ్చే పెద్ద బెల్టు ఎదుట రెండు పుల్లీలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి షాఫ్టుకు బిగించింది, మిల్లును తిప్పేది. రెండోది ఉత్తినే తిరిగేది. పిడి లాగితే బెల్టు మొదటిదాని మీద నుంచి రెండోదాని మీదికి జరుగుతుంది, ఇంజను తిరుగుతున్నా మిల్లు ఆగిపోతుంది. ఆ పిడికి షంషుద్దీన్ ఒక పాత ఎడ్లబండి ఇరుసు ముక్కను బరువుగా కట్టి పైకెత్తి ఉంచాడు. బరువు పడితే పిడి తనంతట తనే లాగుకుంటుంది. పడకుండా దాన్ని పట్టి ఉంచేది ఒక చిన్న ఇనుప నాలుక.

ఆ నాలుక దగ్గరే ఒక పూటంతా కూర్చున్నాడు. తాడు లాగితే నాలుక జారాలి, సరే. తాడు తెగిపోతే? తెగిన సంగతి ఎవరికీ తెలియదు. అవసరమైన రోజు లాగితే ఉత్త తాడు చేతికొస్తుంది. బంగారం అంగళ్ళ వీధిలో తక్కెడ ముల్లు అతనికి గుర్తొచ్చింది. ఏ వైపు బరువు తేడా వచ్చినా అది నడిమి నుంచి తప్పుకుంటుంది. నాలుకను అట్లానే చేశాడు. ఒక వైపు బిగించిన తాడు, మరో వైపు దానికి సరిపడా ఇనుప ముక్క. రెండూ సరిగ్గా ఉంటేనే నాలుక నడిమిలో నిలబడి బరువును ఆపుతుంది. తాడు లాగినా జారుతుంది, తెగినా జారుతుంది.

గురువారం పొద్దున రెండు వరసల మీదా కొబ్బరితాడు కట్టాడు. పదిసార్లు లాగి చూశాడు. పదిసార్లూ మిల్లు ఆగింది. ఇంటికి పోయి కడుపునిండా తిన్నాడు. తిరిగి వచ్చేసరికి ఓబుళరెడ్డి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎవురూ లాగలా, ఎవురూ ముట్టలా. ఎండెక్కినాక మూడుసార్లు దానంతట అదే ఆగింది. బాగుంది నీ తాడు."

షంషుద్దీన్ ఇంజన్ రూములోకి పోయాడు. అంతకుముందు ఆగిన మిల్లు ఇప్పుడు ఆగడం లేదు. వంగి చూస్తే నాలుకకు పురికొసతో గట్టిగా కట్టు వేసి ఉంది. ఇప్పుడు పై తాడును ఎవరు లాగినా బరువు పడదు. ఆదినారాయణ ఇంజను వెనక నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

"నేనే కట్టినా అల్లుడా. ఊరికూరికే పడతాంటే ఏం చేసేది? రెడ్డి నన్ను తినేస్తాండాడు."

షంషుద్దీన్ కట్టు విప్పాడు. కోపం రాలేదు. "నేనున్నా అదే చేసుంటా మామా. పనికిమాలినప్పుడు ఆగేదాన్ని ఎవురన్నా కట్టేస్తారు. కట్టాల్సిన అవసరం రానియ్యకూడదు. అది నా పని."

ఎండకు కొబ్బరితాడు సాగుతోంది. సాగితే వదులవుతుంది, వదులైతే తెగినట్టే నాలుక జారుతుంది. సాగనిది కావాలి. ఆ సాయంత్రమే పులివెందుల బస్సు పట్టుకున్నాడు. గనిలో పాత స్నేహితుడు అలీ అహ్మద్ ఉన్నాడు. సొరంగం లోపలి నుంచి పైకి గంట కొట్టడానికి వాళ్ళు వాడే ఇనుప తీగ ఎండకూ తేమకూ సాగదు. అలీ అహ్మద్ రెండు చుట్టలు తీసి చేతిలో పెట్టి, "ఇంకా ఆడవాళ్ళ మిల్లులోనే ఉండావా, మొగోళ్ళ పనికి ఎప్పుడొస్తావు?" అన్నాడు. షంషుద్దీన్ చుట్టలు భుజానికి తగిలించుకుంటూ, "మీ గనిలో ఇరవైమంది చెయ్యి పెట్టినా తీస్తే ఒక బండి రాయి. మా ఆడోళ్ళు దినానికి ఒక లారీ పత్తి తీస్తారు," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

శుక్రవారం తీగ బిగించాడు. ఇనుప తీగ చేతికి కోసుకుంటుంది, పైగా ఎత్తులో ఉంది. అందుకని ప్రతి జిన్ను దగ్గరా తీగ నుంచి ఒక చిన్న తాడు ఉచ్చు కిందికి వేలాడదీసి, ఎర్రగుడ్డ చుట్టాడు. పొట్టిమనిషికి కూడా అందాలని, అందరికంటే పొట్టిదైన గుల్జార్‌బీని ప్రతి జిన్ను దగ్గరా నిలబెట్టి కొలత చూసుకున్నాడు. ఎడమచేత్తో లాగిస్తే కొన్ని అందలేదు. వాటిని ఇంకో జానెడు దించాడు. ఆ రోజు మంచి ఎండలో మిల్లు ఒక్కసారీ ఊరికే ఆగలేదు. ఇంజన్ రూములో నాలుక జోలికి ఎవరూ పోలేదు.

భారతమ్మ ఇల్లు మిల్లు వెనక సందులో. సాయంత్రం పోయి గడప బయటే నిలబడ్డాడు. ఆమె చేటలో కొర్రలు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"రేపు పనిలోకి రావల్ల భారతమ్మా."

"ఎవురు రానిస్తారన్నా? వీధిలో నీళ్ళకు పోతేనే మొగాలు తిప్పుకుంటాండారు." చేట ఆగింది. "ఆ పేరు గొంతులోకొచ్చి ఆగిపాయ. నాకే తెలీకుండా వేరే మాట వచ్చింది. నేను గట్టిగా పిల్చింటే ఆమె చెయ్యి ఉండేది కదా?"

"ఉండేదేమో. నేను ఏడేండ్ల కిందే ఈ తాడు కట్టింటే కచ్చితంగా ఉండేది. నువ్వు నడుము పట్టి లాగినావంట. రమణమ్మే చెప్పింది. రేపు మొదటి షిఫ్టు."

శనివారం పొద్దున ఓబుళరెడ్డి ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టరు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కారణం అన్న చోట ఇంకా ఖాళీగానే ఉంది.

"ఏం రాయమంటావు? మిల్లుదే తప్పని రాస్తే నన్ను కోర్టుకు ఈడుస్తారు."

"జరిగింది రాయప్పా. మిల్లు ఆపేదానికి ఫిట్టరు షంషుద్దీన్ పెట్టిన పద్ధతి పనిచేసేవాళ్ళు అందరూ వాడగలిగింది కాదు. అందువల్ల ఆలస్యమాయ. అదే ఫిట్టరు దాన్ని తీసేసి తాడు పెట్టినాడు, జాలీలు బిగించినాడు. వచ్చి లాగి చూసుకోమను."

"నీ పేరు కాయితమెక్కుతాది సాహెబూ. రేపు ఇంకో మిల్లువాడు నిన్ను పిలుస్తాడా?"

"తాడు కట్టించుకునేదానికి పిలుస్తాడు."

ఓబుళరెడ్డి కలం తీసి చెప్పింది చెప్పినట్టే రాశాడు. భారతమ్మ పేరు కాగితంలో ఒకేచోట వచ్చింది, బాధితురాలిని వెనక్కి లాగి ప్రాణం కాపాడిన మనిషిగా. అడుగున షంషుద్దీన్ ఉర్దూలో సంతకం చేశాడు. కాగితం టపాకు పోయింది.

మిల్లులో ఆడవాళ్ళు జిన్నుల దగ్గర నిలబడి ఉన్నారు. భారతమ్మ పదో నంబరు దగ్గర కొంగు నడుముకు బిగించి చుట్టుకుని నిలబడింది. ఇంజను నడుస్తోంది, ఇరవై జిన్నులూ ఖాళీగా తిరుగుతున్నాయి. షంషుద్దీన్ అందరికీ వినపడేట్టు దగ్గర దగ్గరగా పిలిచి చెప్పాడు. రోజూ పత్తి పెట్టకముందు ఒకామె తాడు లాగాలి. ఒక్కో దినం ఒక్కొక్కరు, వరసగా. లాగిన చెయ్యికి లాగడం అలవాటు కావాలి. ఆగకపోతే ఆ రోజు పత్తి ముట్టకూడదు. రెడ్డి చెప్పినా సరే, తాను చెప్పినా సరే.

"తిడ్తే?" అంది గుల్జార్‌బీ.

"తిట్టేటోడు ముందు నా దగ్గరికి రావల్ల. ఈ దినం భారతమ్మ వంతు."

ఆమె ఎర్రగుడ్డ చుట్టిన ఉచ్చు పట్టుకుని కిందికి లాగింది. గోడ అవతల ఇరుసు ముక్క దబ్బుమని పడింది. పెద్ద బెల్టు పక్కకు జరిగింది. షంషుద్దీన్ షాఫ్టు వైపే చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు. నాలుగో చుట్టు సగంలో ఉండగా ఆగిపోయింది. జిన్నుల మోత పోయి గోడ అవతలి ఇంజను చప్పుడొక్కటే మిగిలింది.

ఇంజన్ రూములోకి పోయి, బరువు ఎట్లా ఎత్తాలో, నాలుకను నడిమికి ఎట్లా తేవాలో ఆదినారాయణ చేత మూడుసార్లు చేయించాడు. మూడోసారి తాను చెయ్యి పెట్టలేదు. వారానికోసారి నూనె ఎక్కడ వెయ్యాలో చూపించి, నూనె డబ్బా ఆయన చేతికిచ్చాడు. స్పానర్లు తుడిచి సంచిలో వేసుకున్నాడు.

"ఇంక మీదే మామా," అన్నాడు.

ఆదినారాయణ బరువెత్తి బెల్టును పని పుల్లీ మీదికి తెచ్చాడు. షాఫ్టు కదిలింది. భారతమ్మ దోసిలి నిండా గింజపత్తి తీసి పదో నంబరు జిన్నుకు పెట్టింది.